పక్కన కాస్త జాగా

యాసిన్‌కు జరిగిన అన్యాయం చాలా చిన్నది. కత్తెరతో ఒక కోత, అంతే. కేసు పెట్టేంతది కాదు, పదిమందిలో చెప్పుకునేంతదీ కాదు. చెప్పుకుంటే నవ్వుతారు.

సోమశిల ఆనకట్ట నీళ్ళు ఊరి మీదికి వస్తాయని ఖాయమైన ఏడాది, ఊరంతటినీ ఒకచోట నిలబెట్టి ఒక ఫోటో తీయించారు. ఇప్పుడు ఆ ఊరిని అందరూ పాతూరు అనే అంటారు. అసలు పేరు పలికితే ఏదో అపశకునమైనట్టు. తీయించింది ఊరి పెద్ద రామనారాయణ. నెల్లూరు నుంచి ఫోటోగ్రాఫర్‌ని కారులో పిలిపించాడు. మధ్యలో కుర్చీలు వేస్తే ఆయనా, ఆయన అన్నదమ్ములూ కూర్చున్నారు. వెనక వాళ్ళ బంధువులు. మిగిలిన వాళ్ళు ఎవరి స్థాయిని బట్టి వాళ్ళు పక్కలకు జరుగుతూ పోయారు. జరగమని ఎవరూ అనలేదు. అలాంటివి ఎవరో చెబితే తెలిసేవి కావు. అన్నిటికంటే చివర సాయిబుల ఇళ్ళవాళ్ళు.

అక్కడ నిలబడ్డ పిల్లాడు యాసిన్. వాళ్ళమ్మ జైతూన్‌బీ ఫోటో అంటే సిగ్గుపడి ఇంట్లోనే ఉండిపోతే, పక్కింటి శీనమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఇద్దరూ పిల్లాడి పక్కన, వరసకు కొసన నిలబడ్డారు. కదలొద్దని ఫోటోగ్రాఫర్ అరిచినప్పుడు ఒక చెయ్యి వచ్చి యాసిన్ భుజం మీద పడింది. ఆ బరువు అతనికి ఇప్పటికీ గుర్తే.

ఫోటో పెద్దది చేయించి తెచ్చేటప్పటికే రామనారాయణ మంచి టేకు ఫ్రేము ఒకటి కొనిపెట్టుకుని ఉన్నాడు. ఫోటో వెడల్పు, ఫ్రేము ఇరుకు. ఫ్రేము ఖరీదైనది, అంచున నిలబడ్డ మనుషులు కారు. రెండు పక్కలా కోసేశారు. శీనమ్మ పోయింది, జైతూన్‌బీ పోయింది. యాసిన్ మిగిలాడు, అతని భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలాయి. మణికట్టు దగ్గర ఫోటో అయిపోతుంది.

తర్వాత నీళ్ళొచ్చాయి. కొత్త కాలనీ రేకుల కింద జైతూన్‌బీ జ్వరంతో చనిపోయింది. శీనమ్మ ఏమైందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. బండ్లు కదిలిన రోజు ఆమె తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉందని ఒకరంటారు, అంతకుముందే ఎటో పోయిందని ఇంకొకరంటారు. జైతూన్‌బీకి ఇంకో ఫోటో లేదు. యాసిన్‌కు తల్లి గొంతు గుర్తుంది, ఆమె కొంగుకు అంటుకునే వంటింటి పొగ వాసన గుర్తుంది. ముఖం మాత్రం లేదు. ఎంత గుచ్చి గుచ్చి గుర్తు చేసుకున్నా ముఖం ఉండాల్సిన చోట వెలుతురు మాత్రమే కనిపిస్తుంది.

ఆ ఫోటో ఆత్మకూరులో రామనారాయణ ఇంటి హాల్లో ఉంది. పుట్టినప్పటి నుంచి దాని కింద తిరిగినా మనవడు ప్రశాంత్ దాన్ని ఒక్కనాడూ సరిగ్గా చూసింది లేదు.

బెంగళూరులో ఉద్యోగం పోయి తిరిగొచ్చిన ప్రశాంత్, తాత పాత వడ్ల గోడౌన్‌లో గేమింగ్ సెంటర్ పెట్టాడు. గోడలకు నల్ల రంగు వేయించి, ఒక ప్రొజెక్టర్ కొని, కారు సీట్లు రెండు తెచ్చి నేలకు బిగించాడు. గోడ చూస్తే ఇంత పొడవు, బొమ్మ చూస్తే మధ్యలో చాపంత. సీట్లో కూర్చుని రేసు ఆడుతుంటే కళ్ళ చివర గోడే కనిపిస్తుంది. రోడ్డు మీద ఉన్నట్టు కాదు, కిటికీలోంచి రోడ్డును చూస్తున్నట్టు ఉంటుంది. బొమ్మను వెడల్పు చేసే లెన్సు బయట దొరుకుతుంది గానీ దాని ధరకు ఇంకో ప్రొజెక్టర్ వస్తుంది. ఇంటర్నెట్‌లో వెతికితే ఇంకో దారి దొరికింది. మూడు మూలల గాజు తొట్లు రెండు చేసి, నీళ్ళు నింపి, ఎదురెదురు వాలుగా ప్రొజెక్టర్ ముందు పెడితే చాలు. ఇక కావలసింది చుక్క కారకుండా గాజు అతికించే మనిషి.

బస్టాండు పక్కన యాసిన్ దుకాణం ఉంది. ఒకవైపు ఫోటో ఫ్రేములు, ఒకవైపు చేపల తొట్లు. ఎవరైనా ఫోటో తెచ్చి, ఈ ఫ్రేములో పట్టేట్టు అంచులు కోసెయ్ అంటే యాసిన్ ఆ ఫోటో తిరిగి చేతిలో పెట్టేస్తాడు. "ఫోటోకు ఫ్రేము కడతాను గానీ, ఫ్రేముకు ఫోటో కొయ్యను. పక్క దుకాణానికి పో." ఆ మాటతో పోయిన గిరాకీ తక్కువేం కాదు.

ప్రశాంత్ కాగితం మీద గీసుకొచ్చిన బొమ్మను అతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చేపల తొట్టేనా?"

"కాదు భాయ్. చేపలుండవు, నీళ్ళే."

"చేపల్లేని తొట్టి ఎందుకబ్బయ్యా? మీ పెద్దోళ్ళకు డబ్బులు ఎక్కువైనాయా?"

"వెలుతురు పోయేదానికి. ఇప్పుడు గోడ మీద బొమ్మ ఇంతే పడతా ఉండాది. ఆటలో రోడ్డు, రోడ్డు పక్కన చెట్లు, ఇళ్ళు, మనుషులు అంతా ఉంటారు. తెర చాలక కనపడరు. కంప్యూటర్‌కి చెప్తే మొత్తం ఇస్తాది, కాకపోతే దాన్ని పక్కల నుంచి నొక్కి పంపాల. మనుషులు పుల్లల్లాగా పడతారు. నీ గాజు తొట్లు ముందర పెడితే మళ్ళీ సాగి సరిగ్గా వస్తారు. పక్కనుండేదంతా బైటికొస్తాది."

యాసిన్ చేతిలోని గాజు ముక్క కింద పెట్టాడు.

"అంటే ముందే ఉంటాదా? పక్కనుండేది?"

"ఉంటాది భాయ్. కనపడదంతే."

"కోసేసింది కాదు గదా?"

"ఎవురు కోస్తారు? ఉండాది. తెర చాలడంలా, అంతే."

యాసిన్ బస్టాండు వైపు తిరిగి కూర్చున్నాడు. అప్పుడే ప్రశాంత్ గమనించాడు. అంత పొడుగు బల్ల మీద అతను ఒక చివరకు ఒదిగి కూర్చున్నాడు. పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. అక్కడ సంచి లేదు, సుత్తి లేదు, దుమ్ము కూడా లేదు.

"డబ్బులొద్దు. మీ హాల్లో పాతూరు ఫోటో ఉండాది. దాన్ని ఇందులో ఒక్కసారి వెయ్యి. చాలు," అన్నాడు.

ప్రశాంత్‌కు నవ్వొచ్చింది. ఇంత చవగ్గా పని అవుతుంటే ఎవరు కాదంటారు. సరే అన్నాడు.

తొట్లను పట్టి ఉంచే చెక్క చట్రం ఉదయగిరిలో తయారైంది. తల్లి పోయాక యాసిన్ పెరిగింది అక్కడే, మేనత్త గుల్షన్ దగ్గర. ఆ వీధిలో ఏ గుమ్మం చూసినా చెక్క చెంచాలు చెక్కే ఆడవాళ్ళే. యాసిన్ చేతికి చెక్క పని వచ్చింది కూడా ఆమె దగ్గరే. చట్రం తెచ్చుకోవడానికి ప్రశాంత్ బండి మీద వెళ్ళేటప్పటికి ఎండ కొండ మీద నుంచి జారి ఇళ్ళ మీద పడుతోంది. యాసిన్ లోపల చట్రానికి నూనె రాస్తున్నాడు. గుల్షన్ చెంచా గీరుతూనే ప్రశాంత్‌ను ఎగాదిగా చూసింది.

"రామనారాయణ మనవడివా నువ్వు?"

"అవునవ్వా."

"ఫోటో చూపిస్తానన్నావంట వాడికి. చూపించేటట్టయితే చూపించు, లేకపోతే లేదని చెప్పు. వాణ్ణి ఊరించబాక నాయనా. చిన్నప్పుడు చాప మీద పడుకుంటే పక్కన జాగా వదిలి పడుకునేవాడు. ఏందిరా అంటే, 'ఆ పక్క ఉండారు' అనేవాడు. పెళ్ళైనాక కూడా అంతే. పెళ్ళాం ఆ పక్కకొస్తే ఈ పక్కకు రమ్మనేవాడంట. ఆ పిల్ల ఎన్నాళ్ళు తట్టుకుంటాది? పుట్టింటికి పోయింది." చెంచా మీద పొట్టును ఉఫ్‌మని ఊదింది. "నేనన్నా నవ్వులాటకు, 'ఒరే, ఉండేవాళ్ళకు కాస్త అన్నం పెట్టరాదా' అని. మర్నాడు పెట్టినాడు."

ప్రశాంత్ నవ్వబోయి ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

లెన్సు బ్రహ్మాండంగా పనిచేసింది. గాజు తొట్లు పెట్టకముందు గోడ మీద బొమ్మ చూస్తే భయం వేసేది. మనుషులు తాటి మానులంత పొడుగ్గా, ముఖాలు బెండకాయల్లా, కాళ్ళు దారాల్లా. చట్రం తెచ్చి ముందు నిలపగానే ఒక్కసారిగా అందరూ ఊపిరి పీల్చుకున్నట్టు ఒళ్ళు చేసుకుని మామూలు మనుషులయ్యారు. బొమ్మ గోడ ఆ చివర నుంచి వాకిలి దాకా పాకింది. కారు సీట్లో కూర్చుంటే రోడ్డు రెండు చెవుల పక్క నుంచి వెనక్కి పోతోంది. ఆత్మకూరు కుర్రాళ్ళే కాదు, వింజమూరు నుంచి కూడా బండ్లేసుకుని వచ్చేవాళ్ళు. ఆ సందడిలో ఫోటో సంగతి ప్రశాంత్ మరిచిపోయాడు. మరిచిపోయాడు అనడం కూడా మర్యాదకే. రోజూ హాల్లో దాని కిందనే భోంచేసేవాడు.

కొన్నాళ్ళకు నవీన్ అనే కుర్రాడు ఆట మధ్యలో ఆపేసి లేచాడు.

"అన్నా, వాకిలి పక్క ఎవురో నిలబడుండారు."

"ఆటలోనా?"

"ఆటలో కాదు. కారు తిప్పితే ఊరంతా తిరగతా ఉండాది, ఆమె తిరగడంలా."

మిగిలిన వాళ్ళు గోల చేశారు. "దయ్యాన్ని కూడా ప్లేయర్‌గా పెట్టినావా అన్నా? దానికి ఫ్రీనా, గంటకింతని తీసుకుంటా ఉండావా?" ప్రశాంత్ కూడా నవ్వాడు. అందరూ వెళ్ళాక సీట్లో కూర్చుని చూశాడు. నిజమే. బొమ్మ చివర, వాకిలి వైపు, మనిషంత ఎత్తున పల్చటి పచ్చని నీడ. అంచులు లేవు. రోడ్డు దాని మీదుగా పారుతోంది, అది మాత్రం పారడం లేదు. గాజు తొట్టి మీద టార్చి వేసి చూస్తే మూలన, లోపలి వైపు, వేలిగోరంత పాచి పట్టి ఉంది. గోరంత పాచి గోడ మీద మనిషైంది. కారణం తెలిసింది కదా అని ధైర్యం రావాలి. రాలేదు.

మర్నాడు దుకాణానికి వెళ్ళి అడిగాడు. "బ్యాటరీలో పోసే నీళ్ళు పొయ్యమన్నాను గదా భాయ్. ఏం నీళ్ళు పోసినావు?"

"సోమశిల నీళ్ళు."

"ఎందుకు?"

"తొట్లకు అవే గదా పోసేది. బోరు నీళ్ళు పోస్తే గాజుకు తెల్లగా పొర కడతాది." చేతిలోని గాజు తుడుస్తూ చెప్పాడు. "ఒడ్డున ముంచినవి కావు. చేపలోళ్ళ పుట్టి ఎక్కి నీళ్ళ మధ్యకు పోయి, పాతూరు పైన ముంచుకొచ్చినా."

"మార్చాల భాయ్. పిల్లకాయలు భయపడతా ఉండారు."

"మారుస్తా. ముందు నా ఫోటో వెయ్యి. కోసిన పక్క మా అమ్మ ఉండాది."

ఆ రోజు మధ్యాహ్నం ప్రశాంత్ హాల్లో కుర్చీ ఎక్కి ఫోటో దించాడు. పడక కుర్చీలో కునుకుతున్న తాత కళ్ళు తెరిచాడు.

"ఎందుకురా అది?"

"ఇందులో సాయిబు పిల్లోడు ఉండాడు గదా తాతా, యాసిన్. వాళ్ళమ్మ కూడా ఉన్నిందంట. పక్కన కోసేసినారంట గదా?"

"ఆ. ఫ్రేము చాలలా. చాలకపోతే ఏం చేస్తాం?"

"కోసిన ముక్క ఏం చేసినారు?"

"ఏం చేస్తారు, దాచిపెడతారా? పొయ్యిలో వేసుంటారు." తాత మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. "మధ్యలో నిలబడుంటే ఉండేవాళ్ళు. అంచున నిలబడితే ఎవురైనా ఏం చేసేది?"

ప్రశాంత్ ఆ ఫోటోను ఫోన్‌తో తీసుకుని, కంప్యూటర్‌లో వేసి, గోడ మీదికి పంపాడు. బయట ఎండ మాడ్చేస్తోంది, గోడౌన్ లోపల కళ్ళు పొడుచుకున్నా కనిపించని చీకటి. యాసిన్ తలకు టోపీ పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. కారు సీట్లలో ఒకదానిలో కూర్చున్నాడు. రెండోది ఖాళీగా వదిలేశాడు.

గోడ మధ్యలో పాతూరు నిలబడింది. ఎండకు అందరూ కళ్ళు చికిలించుకుని ఉన్నారు. కుర్చీల్లో పెద్దలు, చివర ఒక కన్ను మూసుకున్న పిల్లాడు, అతని భుజం మీద నాలుగు వేళ్ళు. అక్కడితో ఆఖరు. ఆ తర్వాత గోడ చివరి దాకా నలుపు.

యాసిన్ ఫోటోను చూడలేదు. నలుపునే చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆ నల్లటిది ఏంది?"

"అక్కడ ఏం లేదు భాయ్."

"ఉంటాదన్నావే. కోసేసింది కాదు, కనపడదంతే అన్నావే."

అది ఆటల సంగతి, ఇది కోసేసిన కాగితం అని చెప్పడానికి ప్రశాంత్ నోరు తెరిచాడు. చెబితే సరిపోయేది. కానీ ఆ ఉతికిన చొక్కా చూస్తూ ఆ మాట అనలేకపోయాడు. కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం ఉంది. ఫోటోలో లేని భాగాన్ని ఉన్నదాన్ని బట్టి ఊహించి అదే గీసేస్తుంది. ఏదో ఒక చెట్టు, ఒక గోడ వస్తుంది, మనిషి తృప్తి పడి వెళ్తాడనుకున్నాడు. నలుపును గుర్తుపెట్టి, గియ్యమన్నాడు.

నలుపు కాసేపు కదలకుండా ఉంది. తర్వాత పైనుంచి కిందికి బూడిదరంగు దిగింది. మొదట మట్టి నేల వచ్చింది. తర్వాత ఒక పూరిల్లు. తర్వాత ఆ నాలుగు వేళ్ళకు మణికట్టు మొలిచింది, మోచెయ్యి మొలిచింది, భుజం, మెడ. నుదుట పెద్ద బొట్టు పెట్టుకున్న ఒక ఆడమనిషి, ఒక కన్ను సగం మూసుకుని, వాకిలి దగ్గర నిలబడి ఇద్దరినీ చూస్తోంది. సరిగ్గా ఆ పచ్చని నీడ ఉన్న చోటే.

యాసిన్ లేచి నిలబడ్డాడు.

"శీనమ్మత్త," అన్నాడు.

"భాయ్, ఆమె నిజం కాదు. కంప్యూటర్ దానంతటదే గీసింది. దానికి మీ ఊరు తెలీదు, ఎవురూ తెలీదు."

"తెలీకపోతే ఆ కన్ను ఎట్టా గీసింది? శీనమ్మత్తకు ఆ కన్ను పుట్టుకతోనే సగం మూసుకుని ఉంటాది."

అందరూ కళ్ళు చికిలించారు కాబట్టి ఆమెకూ అలాగే గీసిందనీ, పక్కనున్న పిల్లాడి కన్ను చూసే గీసిందనీ ప్రశాంత్ చెప్పాడు. చెబుతున్న కొద్దీ తన గొంతే తనకు దూరంగా వినిపించింది.

యాసిన్ వినడం లేదు. చేత్తో తన భుజాన్ని తడుముకుంటున్నాడు. "అయితే ఈ చెయ్యి ఈమెదా. ఇన్నాళ్ళూ మా అమ్మదనుకున్నా." ఏడుస్తాడేమో అనుకున్నాడు ప్రశాంత్. ఏడవలేదు. ముఖం మెల్లగా వెలిగింది. "సరిగ్గానే ఉండాది. ఈమే గదా మా అమ్మను లాక్కొచ్చింది. ఆమె ఇంకో చెయ్యి చూడు అబ్బయ్యా, ఆ పక్కకు చాచి ఉండాది. ఎవుర్నో పట్టుకోనుండాది."

నిజమే. గోడ అంచున శీనమ్మ రెండో చెయ్యి బయటికి చాచి ఉంది. అక్కడితో గోడ అయిపోయింది.

"ఇంకొంచెం జరుపు."

బొమ్మను జరపడం ప్రశాంత్‌కు చిటికెలో పని. ఆ పక్క ఇంకో నలుపు తెరిచి గియ్యమంటే గీస్తుంది. ఎవరినో ఒకరిని గీస్తుంది. ఆ ఎవరో ఒకరి ముఖాన్ని ఈ మనిషి తల్లి ముఖమని చచ్చేదాకా మోస్తాడు. ప్రశాంత్‌ను ఆపింది అదొక్కటే అయితే బాగుండేది. అసలు భయం వేరే. సిగ్గుతో ముఖం మీద కొంగు కప్పుకుని, ఏమాత్రం పొరపాటు లేకుండా జైతూన్‌బీయే వస్తే?

 ప్రొజెక్టర్ ఆపేశాడు.

"అంతే వస్తాది భాయ్. గోడ చాలదు."

 చీకట్లో యాసిన్ గొంతు ఎప్పటిలా మామూలుగానే వినిపించింది.

"మీ తాత కూడా ఫ్రేము చాలలేదన్నాడు."

వెళ్ళేటప్పుడు రెండు సీట్ల మధ్య నుంచి కాక, చుట్టూ తిరిగి, ఎవరికో దారి ఇస్తున్నట్టు వెళ్ళాడు. నీళ్ళు మార్చడానికి రాలేదు. ప్రశాంత్ ఒంటరిగా ఆ ప్రోగ్రాంను మళ్ళీ మళ్ళీ నడిపి చూశాడు. ప్రతిసారీ వేరే ఆడమనిషి వచ్చింది. ఒకసారి ముసలిది, ఒకసారి పడుచుది. సగం మూసిన కన్ను ఇంకెప్పుడూ రాలేదు. మొదటి బొమ్మను దాచుకోలేదే అని ఒకసారి అనిపించింది, దాచుకోకపోవడమే మేలని ఇంకోసారి. గాజు తొట్లు తీసి మూలన పెట్టేశాడు. ఆట మళ్ళీ చాపంత అయ్యింది. కుర్రాళ్ళు తగ్గిపోయారు.

ఆషాఢంలో రామనారాయణ పోయాడు. నిద్రలోనే. పెద్దకర్మకు ఫోటో కావాలి. ఆయన ఒక్కడే ఉన్న మంచి ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. చివరికి ఏదో పెళ్ళిలో తీసింది దొరికింది. కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు, పక్కన ఎవరిదో మోచెయ్యి, సగం భుజం. ఊళ్ళో ఇంకా ఫ్రేముల దుకాణాలున్నాయి. ప్రశాంత్ కాళ్ళు మాత్రం బస్టాండు వైపే నడిచాయి.

"పక్కనోళ్ళను తీసేసి తాతను..." అని అలవాటుగా అనబోయి నాలుక కరుచుకున్నాడు.

యాసిన్ ఫోటో తీసుకుని తలవంచి చూశాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. "సాయంత్రం రా," అన్నాడు.

సాయంత్రం వెళ్ళేటప్పటికి ఫ్రేము సిద్ధంగా ఉంది. ఉదయగిరి చెక్క, మెరిసేటట్టు నూనె పట్టించి ఉంది. అంచులు కొయ్యలేదు. పరాయి మోచెయ్యి అలాగే ఉంది. కానీ ఫ్రేము ఫోటోకంటే చాలా వెడల్పు. రామనారాయణ ఒక పక్కకు జరిగి కూర్చున్నట్టు ఉన్నాడు. మిగిలిన సగం ఉత్త నల్లటి అట్ట, దాని మీద తుడిచిన గాజు. ఆ గాజులో ప్రశాంత్‌కు తన ముఖం కనిపించాలి. బస్టాండులో దీపాలు, వెనక చేపల తొట్లు కనిపించాయి, తన ముఖం కోసం ఇంకాసేపు చూడబుద్ధి కాలేదు. ఫ్రేమును చంకలో పెట్టుకుని లేచాడు.

యాసిన్‌ను అతను చూడటం అదే ఆఖరు. ఆ నెలలోనే దుకాణం మూతపడింది. సోమశిల పోయి పుట్టి కొనుక్కున్నాడని చేపలవాళ్ళు అంటారు. పుట్టిలో కూడా ఒక పక్కకు ఒదిగే కూర్చుంటాడట.

ఆ సాయంత్రం మెట్లు దిగుతున్న ప్రశాంత్‌ను యాసిన్ వెనక నుంచి పిలిచాడు. బల్ల చివర, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని ఉన్నాడు.

"నల్లగా ఉండాదని దాని మీద ఇంకో ఫోటో అంటించబాకండి అబ్బయ్యా. మీ తాత పక్కన కాస్త జాగా వదిలినా. వాళ్ళొస్తే నిలబడతారు."